ఉత్త సాంచ సప్పుడు

మా మేనకోడలు ర్యాప్ పాడుతుందని నాకు మొదట తెలిసింది మా అక్క నోటి నుంచి కాదు, సిరిసిల్లలో ఒక చాయ్ హోటల్లో. పదిమంది ఒక ఫోన్ చుట్టూ చేరి పడీ పడీ నవ్వుతున్నారు. నేనూ తల దూర్చి విన్నాను. "మా నాయిన సాంచ మీద కూసోని నేస్తడు" అని పాడుతోంది మా పిల్ల.

సాంచ అంటే మా దిక్కు కరెంటు మగ్గం. దాని ముందు ఎవరూ కూర్చోరు. రెండు వరుసల మధ్య ఇరుకు సందులో నిలబడి, ఒక్కో మనిషి నాలుగు సాంచల మధ్య పొద్దంతా తిరుగుతూనే ఉంటాడు. ఆ సంగతి మా పిల్లకు తెలియక కాదు, ఆ షెడ్డులోనే పెరిగింది. ప్రాస కుదిరిందని రాసేసింది.

వాళ్ళ నాయిన, అంటే మా బావ, ఆసామి. సొంతంగా ఎనిమిది సాంచలు పెట్టుకుని, సేటు ఇచ్చిన నూలుతో గుడ్డ నేసి ఇస్తాడు. పాట బయటికి వచ్చిన మర్నాడు పొద్దున ఆయన షెడ్డు తెరిచేసరికి లోపలికి పోయే దారిలో ఎవరో ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వేసి పెట్టారు. గల్లీలో ఎదురైన ప్రతివాడూ "ఆసామీ, కూసోని నేస్తున్నవా, మెత్తకు దిండు గిట్ల గావాల్నా?" అని అడిగాడు. బావ వారం రోజులు బిడ్డతో మాట్లాడలేదు. ఆఖరికి ఒక్క మాట అన్నాడు.

"పాడితే నిజం పాడు బిడ్డా. లేకుంటే మన గల్లీల పాడకు."

ఆ మాట పట్టుకుని ఆమె కోరుట్లకు బస్సెక్కి నా దుకాణానికి వచ్చింది. నాది మైక్‌సెట్ దుకాణం. పెళ్ళిళ్ళకు, ఊరేగింపులకు డబ్బాలు కిరాయికి ఇస్తాను. కోరుట్లలో నేను బేస్ పెంచితే ఇబ్రహీంపట్నంలో ఆరబోసిన పసుపు దానంతటదే కుప్పయిందని చెబుతుంటాను. సగం మంది నమ్ముతారు. మిగతా సగం మంది నమ్మకపోయినా ఇంకో పదిమందికి చెబుతారు. అలాంటి నా ఎదురుగా బల్ల మీద కూర్చుని ఆ పిల్ల అంది:

"మామా, ఎనిమిది పాటలు జేస్త. ఆల్బమ్. అండ్ల ఒక్క అబద్ధం ఉండద్దు. మా గల్లీల డబ్బాలు వెట్టి మా నాయిన ముంగట వినిపియ్యాలె. ఒక్కడు నవ్వద్దు."

"అబద్ధం ఉండద్దంటే నా దగ్గరికెందుకొచ్చినవ్ కోడలా?"

"నీకు డబ్బాలున్నయ్, వ్యానున్నది, జగిత్యాల స్టూడియో ఆయన నీ దోస్తు. నువ్వు నోరొక్కటి మూసుకుంటే సాలు."

మూసుకుంటానని మాట ఇచ్చాను. అంత పెద్ద అబద్ధం నేను అంతకుముందు ఎన్నడూ ఆడలేదు.

జగిత్యాల స్టూడియో అంటే ఒక మొబైల్ దుకాణం మీది గది. దాని యజమాని మస్కట్‌లో పన్నెండేళ్ళు చేసి వచ్చాడు. వచ్చేటప్పుడు తెచ్చిన దళసరి కంబళ్ళను అమ్మడం ఇష్టం లేక నాలుగు గోడలకూ మేకులతో కొట్టేశాడు. బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలి గాలి బయటికి పోదు. మైకు ఎదురుగా ఉన్న కంబళి మీద నోరు తెరిచిన పెద్దపులి బొమ్మ. పాడేవాళ్ళు ఆ పులి కళ్ళలోకి చూస్తూ పాడాలి. పెళ్ళి పాటలు పాడేవాళ్ళు చాలామంది అక్కడ తడబడటం నేను చూశాను. మా పిల్ల మాత్రం పులిని చూసి కళ్ళు దించలేదు.

ఆమె బట్టలు కుట్టే యూనిట్‌లో పని చేస్తుంది. సెలవు దొరికినప్పుడల్లా వచ్చేది. ఒక్కో పాట పాడటానికి ముందు గల్లీలో పరీక్ష పెట్టేది. కండెలు చుట్టే ముసలవ్వ దగ్గర కూర్చుని పాట చదివి వినిపించేది. కండె అంటే, సాంచలో అటూ ఇటూ ఉరుకుతూ అడ్డుపోగు వేసే నాడెలో పెట్టే దారపు చుట్ట. అవ్వ చేతులు దారం మీద, చెవులు పాట మీద. "బీము భుజాన ఎత్తి" అని చదవగానే చెయ్యి ఆపేసింది. బీము అంటే పడుగు దారాలు చుట్టి ఉండే బరువైన దుంగ.

"ఒక్కడు ఎత్తుతడా బీము? నువు జేసుకునే మొగడు ఎత్తుతడేమో, మావోల్లయితే ఇద్దరు వడుతరు."

మా పిల్ల ఆ లైను కొట్టేసింది. అలా ఎన్ని లైన్లు పోయాయో లెక్క లేదు. ఆఖరికి నిలిచినవాటిలో రెండు నాకు నోటికి వచ్చు:

నిలవడే తాగుతం చాయ్, నిలవడే తింటం సద్ది,
పొద్దంత నడుస్తం గనీ దాటం నాలుగడుగుల సంది.

స్టూడియోలో కూడా అంతే. "సూపర్ ఉన్నది చెల్లె, ఓకే" అని స్టూడియో ఆయన అంటే "మల్ల" అనేది. మళ్ళీ పాడేది. మళ్ళీ "మల్ల" అనేది. ఆయన చెవుల మీది హెడ్‌ఫోన్ తీసి నాతో చెప్పుకున్నాడు.

"అన్నా, మస్కట్ల మా ఫోర్‌మన్ నయముండె."

పాటలు ఎనిమిదీ అయ్యాయి. ఇక మిగిలింది సాంచల చప్పుడు. మొదటి పాటకు డోలు, డప్పు ఏదీ వద్దని, షెడ్డు చప్పుడే తాళంగా ఉండాలని ఆమె పట్టు. స్టూడియో ఆయనకు తీరిక దొరికింది ఒక్కటే రోజు. ఆ రోజు బావ, అక్క పెగడపల్లికి పెళ్ళికి పోయారు, షెడ్డు బంద్. మా పిల్లకు సెలవులన్నీ అయిపోయాయి. తాళంచెవి నాకిచ్చి "మామా, మొత్తం సాంచలు నడిపిచ్చి రికార్డు జేపియ్యి. గల్లీల ఎవల్నన్న పిలు, ఒద్దనరు" అని చెప్పి యూనిట్‌కు పోయింది.

ఎవరినైనా పిలిస్తే సరిపోయేది. కాని నేను నేతగాళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి, నన్ను మించిన నేతగాడు లేడని కోరుట్ల అంతా చెప్పుకున్నవాణ్ణి. స్టూడియో ఆయన ముందు ఇంకొకరిని పిలుస్తానా? తీరా లోపలికి పోతే భయం వేసింది. ఏడు సాంచల మీద గుడ్డ సగంలో ఉంది. నేను ముట్టుకుని ఒక్క పోగు తెంపినా బావ పెళ్ళి నుంచి వచ్చి నాకు పెద్దకర్మ చేస్తాడు. తలుపు దగ్గరి సాంచ మీద మాత్రం బీము అయిపోయి ఉంది. పడుగు లేదు, గుడ్డ లేదు, చెడిపోవడానికి ఏమీ లేదు. అడ్డుపోగు తెగితే సాంచను ఆపే చిన్న తీగ ఒకటి ఉంటుంది. దాన్ని దారంతో వెనక్కి కట్టేసి, ఉత్త నాడె పెట్టి, స్విచ్ వేశాను. టకాటకా టకాటకా. స్టూడియో ఆయన బొటనవేలు ఎత్తాడు. ఆ ఒక్క చప్పుడునే కంప్యూటర్‌లో ఎనిమిది వరసలు చేశాడు.

సాయంత్రం మా పిల్ల ఫోన్ చేసింది.

"మొత్తం నడిచినయా మామా?"

"ఎనిమిదికెనిమిది! ముచ్చటేందంటే, నేను మూడు గజాల గుడ్డ గుడ నేసి పెట్టిన."

నవ్వి ఫోన్ పెట్టేసింది. జన్మలో ఆమె నా మాట నమ్మింది ఆ ఒక్కసారే.

ఆల్బమ్ ఒక ఆదివారం పొద్దున ఫోన్లలోకి వచ్చింది. అదే సాయంత్రం గల్లీ మొదట్లో నేనే డబ్బాలు కట్టాను. బావ ఇంటి ముందు గద్దె మీద కూర్చున్నాడు. చేతులు కట్టుకుని, తీర్పు చెప్పే పెద్దమనిషిలా. మా పిల్ల ఆయనకు కనపడకుండా డబ్బా వెనక నిలబడింది. మొదటి పాట మొదలైంది. నాలుగడుగుల సంది లైను రాగానే ఒకాయన "అవ్ రా, గదే గద!" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆమె నా వైపు చూసి కళ్ళతోనే నవ్వింది.

అప్పుడు కండెలు చుట్టే అవ్వ తల పక్కకు వంచింది.

"ఏందే బిడ్డా, గీ సాంచల గుడ్డ లేదు?"

ఆ తరవాత ఇక అందరికీ అదే వినబడింది. గుడ్డ ఉన్న సాంచలో దెబ్బ మెత్తగా పడుతుంది. ఉత్త సాంచలో కట్టె మీద కట్టె పడ్డట్టే ఉంటుంది. నూలు దొరకని రోజుల్లో, సాంచ తుప్పు పట్టకుండా నూనె పోసి కాసేపు ఉత్తగా తిప్పుతారు. పని లేని ఆ చప్పుడు ఆ గల్లీలో పసిపిల్లలు కూడా గుర్తుపడతారు. నేనూ గుర్తుపట్టేవాణ్ణే. కాని నా చెవులు ముప్పై ఏళ్ళుగా డబ్బాల పక్కన ఉన్నాయి.

"ఆసామి ఎనిమిది సాంచలు ఉత్తయే నడుపుతుండురో!" అని ఎవరో అరిచారు. నవ్వులు.

బావ లేచాడు.

"పని పాటకు పనిలేని సాంచ సప్పుడు వెట్టినవా బిడ్డా?" అని లోపలికి వెళ్ళిపోయాడు.

నేను డబ్బాలు ఆపేశాను. ఆమె నా ముందుకు వచ్చి నిలబడింది.

"ఏమైంది మామా?"

"గా కంప్యూటర్ల పడంగనే కోడలా, గుడ్డ సప్పుడు గా సాఫ్ట్‌వేర్ గుంజుకున్నట్టున్నది. మొన్న నిజామాబాద్‌ల గుడ గిట్లనే..."

కదల్లేదు. పులిని చూసినట్టే నన్ను చూసింది. నిజం చెప్పేశాను.

తిట్టలేదు. అక్కడే స్టూడియో ఆయనకు ఫోన్ కలిపి, పాటలన్నీ తీసేయమంది. ఆయన గొంతు బయటికే వినిపిస్తోంది.

"చెల్లె, పొద్దటి సంది మస్తు మంది ఇంటున్నరు. దుబాయ్‌కెల్లి మెసేజ్‌లస్తున్నయ్. సాంచల గుడ్డ ఉన్నదో లేదో ఆల్లకేమెరుక?"

"ఆల్లకు ఎరుకలేదనే తీసెయ్యుమంటున్న అన్నా."

నాకు ఒక ఉపాయం తట్టింది. ఆరో పాట నూలు రాని రోజుల గురించే కదా, ఈ ఉత్త చప్పుడు దాని కింద పెడితే అతికినట్టు సరిపోతుంది, పోయినదీ కలిసొస్తుంది అన్నాను. తెలివైన ఉపాయమే అని ఇప్పటికీ అనుకుంటాను.

"అది పనిలేని నాటి సప్పుడు గాదు మామా," అంది. "నీ అబద్ధం సప్పుడు. నాకొద్దు."

మర్నాడు పొద్దున యూనిట్‌కు పోకుండా షెడ్డుకు పోయింది. జీతం కోసుకోమని చెప్పి సెలవు పెట్టింది. "నాయినా, నాలుగు సాంచలు నేను నడుపుత, నాలుగు నువ్వు నడుపు. గుడ్డ నేసేటప్పుడే రికార్డు జేస్తం" అంది. బావ తెగిన పోగు ఒకటి ముడివేశాడు.

"నీకోసం నడుపను. సేటు గుడ్డ నేసేదున్నది, నేస్త. నువ్వేం జేసుకుంటవో జేసుకో," అన్నాడు.

స్టూడియో ఆయన తన పని ఆపుకుని మైకులతో వచ్చాడు. మొదటిసారి సగంలో కరెంటు పోయింది. రెండోసారి లోపల నేను ఎవరికో ఏదో ముచ్చట చెబుతూ దొరికాను. అవ్వ కండె విసిరి కొట్టింది, మా పిల్ల నన్ను బయటికి పంపేసింది. గల్లీ మొదట్లో నిలబడి బండ్లు హారన్ కొట్టకుండా చూడటం నా పని. వచ్చిన ప్రతివాడికీ "లోపట సాంచల సప్పుడు రికార్డు జేస్తున్నరు, హారన్ కొట్టకు తమ్మీ" అని చెప్పాను. ఒక్కడు నమ్మలేదు. "గివన్ని గాదు కాకా, నిజం జెప్పు" అని బండి దిగి మరీ అడిగారు. దిగినవాడు హారన్ కొట్టడు కాబట్టి నేనూ వాదన పెంచుతూ పోయాను. అలా మూడోసారి పూర్తయింది.

పాటలు మళ్ళీ వచ్చాయి. మొదట విన్నవాళ్ళలో కొందరు తిరిగి రాలేదు, దుబాయ్ మెసేజ్‌లు తగ్గాయి. ఆమె అటు చూడనే లేదు. ఈసారి డబ్బాలు కూడా వద్దంది. పొద్దున షెడ్డు తెరవకముందే గద్దె మీద కూర్చున్న బావ చేతిలో తన ఫోన్ పెట్టి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టింది. నేనూ, అవ్వా, గల్లీలో ఇంకో నలుగురూ కొంచెం దూరంలో నిలబడ్డాం. ఆయన కళ్ళు మూసుకున్నాడు. మొదటి పాటకు ముఖంలో ఏమీ కదల్లేదు. పాట అయిపోయింది. ఏదో నొక్కి మళ్ళీ మొదటి నుంచి పెట్టుకున్నాడు. ఈసారి నొసలు ముడిపడింది.

ఇయర్‌ఫోన్లు తీసి బిడ్డ చేతిలో పెట్టాడు.

"గోడ దిక్కు సాంచ," అన్నాడు. "నాడెను కొట్టే కర్ర వదులైంది. షెడ్డుల పొద్దంత ఉన్నా మొత్తం సప్పుడుల నాకు దొరకలేదు. పాటల దొరికింది. పానా ఏడవెట్టినవే?"

"పాటల గుడ మార్చాల్నా నాయినా?" అని అడిగింది.

"పాటనెందుకు మారుస్తవ్? సాంచ బాగుచేస్త," అంటూ తాళం తీసి లోపలికి పోయాడు. పానా తీసుకుని ఆమె వెనకే పోయింది.