నారింజ పొగ

భిక్షపతి ఆ సాయంత్రమే రెండోది కూడా వెలిగించి ఉంటే ఆగమ్మ బతికేదా?

ఫలక్‌నుమాలో మురుగునాలా పక్కన మా ఇల్లు. పైగదిలో భిక్షపతి అద్దెకుండేవాడు. వెల్డింగ్ పని. అంతకుముందు చాలా ఏళ్లు సరుకు ఓడల్లో కూలి. మబ్బు పడితే చాలు, మెట్ల మీద కూర్చుని నాలా వైపే చూసేవాడు. కింది వాటాలో ఉంటూ పాలమ్మే ఆగమ్మ నవ్వేది. "సముద్రం చూసినోడివి, మోరీకి భయపడ్తవేందిరా?"

ఒకనాటి కుండపోత వానకు ఎగువ చెరువు కట్ట తెగింది. ఆగమ్మ, ఆమె కొడుకు మురళి, భిక్షపతి, నేను డాబా మీద చిక్కుకున్నాం. ఫోన్లు తడిసిపోయాయి. ఆగమ్మది ఆయాసం జబ్బు. పీల్చే మందు కింద నీళ్లపాలైంది.

భిక్షపతి సంచిలోంచి రెండు గొట్టాలు తీశాడు. ఓడ మునుగుతున్నప్పుడు సాయం కోసం వెలిగించేవట. ఒకటి ఎర్రమంట, ఒకటి నారింజ పొగ. మసక పడుతుండగా మంట వెలిగించి చేయి పైకెత్తాడు. దూరంగా ఎత్తు మీది డాబాల నుంచి ఈలలు వినిపించాయి. ఎవరో షాదీ ముబారక్ అని అరిచారు. పెళ్లి బారాత్ టపాకాయలనుకున్నారు. మంట ఆరిపోయింది.

రెండోది వెలిగించమని మురళి బతిమాలాడు. చీకటి పడితే పొగ కనబడదని, తెల్లారేదాకా ఆగాలని భిక్షపతి అన్నాడు.

"ఇంకా జర వెలుతురున్నది కదన్నా. మా అమ్మ ఊపిరి చూడు."

"ఇదొక్కటే ఉన్నది తమ్మీ. ఇది గూడ పోతే మనల్ని ఎవలు చూడరు."

మురళి సంచి లాక్కోబోయాడు. భిక్షపతి దాన్ని పొట్టకు హత్తుకుని పిట్టగోడ మూలకు ముడుచుకున్నాడు. ఎవరి తరఫున మాట్లాడాలో తెలియక నేను ఆగమ్మ వీపు నిమురుతూ ఉండిపోయాను. నీళ్లు ఒక్కో మెట్టే ఎక్కుతున్నాయి. ఆవిడ ఛాతీలో పిల్లికూతలు వింటుంటే భయం, ఆగితే అంతకన్నా భయం.

తెల్లారగానే పొగ వదిలాడు. ఈసారి ఎవరూ ఈల వేయలేదు. రబ్బరు పడవ వచ్చింది. ఎక్కించేటప్పుడు ఆగమ్మ నా చేయి పట్టుకునే ఉంది. పెద్దరోడ్డు చేరేలోపు ఆ పట్టు వదిలిపోయింది.

పడవ ఆగాక, ఆవిడను దించడానికి భిక్షపతి పాదాల వైపు పట్టుకున్నాడు. మురళి అతని చేతులు తీసేశాడు. నేను మనుషుల్ని పిలిచి వెనక్కి తిరిగేసరికి భిక్షపతి రైలుపట్టాల వైపు జనంలో నడిచిపోతున్నాడు. పిలిచాను. ఆగలేదు.