నా కొలతకు అత్త కుట్టిన నిద్రసంచి

ఇరవై నాలుగేళ్ళ వయసులో మనిషికి తన దగ్గర ఎక్కువగా ఉన్నదాన్ని దాచుకోవాలనీ, లేనిదాన్ని ఉన్నట్టు చూపించుకోవాలనీ తాపత్రయం ఉంటుంది. ఆ రోజుల్లో నా దగ్గర ఎక్కువగా ఉన్నది ఒళ్ళు, లేనిది ధైర్యం. మాది కోయంబత్తూరు. తాతల తాతలు ఎప్పుడో వచ్చి నాటుకుపోయిన తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపం వస్తే రెండూ. (తెలుగు మాట్లాడటం పుట్టుకతో వచ్చింది గానీ అక్షరాలు ముప్ఫై దాటాక నేర్చుకున్నాను. ఎక్కడైనా ఒక కొమ్ము తగ్గితే పెద్దమనసుతో మీరే పెట్టుకోండి.) నీళ్ళ పంపులు చేసే ఒక కంపెనీలో డ్రాయింగ్ సెక్షన్‌లో ఉద్యోగం. మిగతా కుర్రవాళ్ళందరూ అర హెచ్‌పీ, ఒక హెచ్‌పీ మనుషులు. నన్ను మాత్రం "పది హెచ్‌పీ" అని పిలిచేవాళ్ళు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వేవాణ్ణి. అందరికంటే ముందు నవ్వేస్తే తక్కువ నొప్పి పుడుతుందని ఎవరో చెప్పినట్టు, ప్రతిసారీ ముందు నేనే నవ్వేవాణ్ణి. నొప్పేమీ తగ్గేది కాదు.

మా సెక్షన్ పెద్దకు కొండలెక్కే పిచ్చి. ఆయన్ని చాటుగా కొండసారు అనేవాళ్ళం. ఒక వేసవిలో ఆయన హిమాలయాల్లో ఆరు రోజుల నడకకు ఏడుగురిని పోగేశాడు. ఎవరూ అడగకుండానే నేను ఎనిమిదోవాణ్ణయ్యాను. పేరు రాసుకుంటూ ఆయన కలం ఆపి నన్ను తలనుంచి కాళ్ళదాకా ఒకసారి చూశాడు. ఆ చూపు కోసమే వెళ్ళాలనిపించింది. ఆ కొండ ఎక్కి దిగితే ఇక నన్నెవరూ పది హెచ్‌పీ అనరని నా లెక్క. బూట్లు దొరికాయి, చలికోటు దొరికింది. నిద్రసంచి, అదే స్లీపింగ్ బ్యాగు, ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలన్నారు. అక్కడ వచ్చింది చిక్కు.

గాంధీపురం బస్టాండు దగ్గర, మేడమీద, టెంట్లూ వానకోట్లూ అమ్మే ఒక అంగడికి వెళ్ళాను. యజమాని పెద్దాయన, మర్యాదస్తుడు. ఉన్నవాటిలో పెద్ద సంచి తీసి నేలమీద పరిచి, "ఉళ్ళ పోంగ సార్" అన్నాడు, లోపలికి దూరమని. దూరాను. మోకాళ్ళదాకా హాయిగా ఉంది. నడుము దగ్గర జిప్పు ఆలోచనలో పడింది. పొట్ట దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా ఆగిపోయింది. ఆయన నా పక్కన గొంతుక్కూర్చుని రెండు చేతులతో లాగుతూ, "మూచ్చు పిడింగ సార్, మూచ్చు!" అని ఊపిరి బిగపట్టించాడు. బిగపట్టాను. జిప్పు జర్రున గడ్డందాకా వచ్చింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని గెలిచినట్టు నవ్వుకున్నాం. ఎంతసేపని ఊపిరి పట్టుకుంటాను? వదిలాను. జిప్పు పళ్ళు పటపటమని మొదటినుంచీ చివరిదాకా విడిపోయాయి. టార్చిలైటు కొనడానికి వచ్చిన ఒకావిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన మాత్రం నవ్వలేదు. "దాని కుట్టే సరిలేదు సార్, మీరేమి చేస్తారు పావం" అని తమిళంలో సముదాయిస్తూ నా చెయ్యి పట్టుకుని లేపాడు. ఆవిడ నవ్వును ఎప్పుడో మరిచిపోయాను. ఆయన జాలిని మోసుకుని మెట్లు దిగడం ఇప్పటికీ గుర్తుంది.

అమ్మ ఈ సంగతంతా ఫోనులో ఆండిపట్టిలో ఉండే అత్తకు చెప్పేసింది. అత్త అంటే మా నాయన అక్క. చిన్న వయసులోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. ఇంటి వెనక పదిపన్నెండు బూరుగుచెట్లు, ముందు వరండాలో పరుపులు కుట్టే పని. మా బంధువుల్లో ఒక పద్ధతి ఉంది. పెళ్ళిపరుపు అంగట్లో కొనరు, ఇంటి పెద్దామె కుట్టాలి. మా నాయన పెళ్ళినుంచి మొదలుపెట్టి వాడిపట్టిలో చిన్నాన్న కూతురి పెళ్ళిదాకా అన్నిళ్ళ పరుపులూ అత్త చేతివే. కుట్టడం అయ్యాక మూతిదగ్గర ఒక ఎర్రదారం వదులుగా వేసి ముడి పెడుతుంది. ఎవరు మొదట పడుకుంటారో వాళ్ళే ఆ దారం తెంపాలి. వేరేవాళ్ళు తెంపితే నిద్ర పట్టదని ఆమె నమ్మకం.

"ఆదివారం రారా కన్నా, అళవు తీసుకుంటాను. అంగట్లోది నీకేమిటికి?" అని కొలతకు పిలిచింది అత్త.

ఆమెకు పరుపు తప్ప ఏమి తెలుసని విసుక్కుంటూనే వెళ్ళాను. వరండాలో చాప పరిచి, "పండుకో" అంది. చిన్నప్పటినుంచీ నాకు కొలతలంటే భయం. దర్జీ టేపు తీస్తే చెమటలు పట్టేవి. (టేపు ఒక చుట్టుకు చాలక రెండో మనిషిని సాయం పిలిచిన దర్జీని ఎరుగుదును.) అత్తకు టేపు లేదు. మూరలు వేసింది, జానలు వేసింది, సుద్దముక్కతో నా చుట్టూ గీత గీసింది. తరవాత నన్ను పక్కకు తిరగమంది, మోకాళ్ళు ముడవమంది. "నిద్రలో ఎట్ల పండుకుంటావో అట్ల పండుకోరా. సిపాయి మాదిరి నిలబడి ఎవుడు నిద్రపోతాడు?" అంది. ముడుచుకుని పడుకున్న నా చుట్టూ ఇంకో గీత గీసి, రెండు గీతల్నీ చూసుకుని తల ఊపింది. నిజం చెప్పొద్దూ, ఆ సుద్దగీత మధ్యలో నాకు కాసేపు కునుకు పట్టింది.

మూడు వారాలు కుట్టింది. ఆ బూరుగుదూది పొగలాగా లేస్తుంది, ముక్కులో చేరుతుంది. అప్పటికే ఆమెకు దగ్గు. నేను తీసుకోవడానికి వెళ్ళినరోజు జుట్టునిండా నూగుతో, తెల్లటి కనుబొమలతో ఎదురొచ్చింది. "చూడు, లోపల పాత పట్టుచీర వేసినాను, ఒళ్ళు రాసుకోదు. భుజాలకాడ ఎక్కువ పెట్టినాను. ఈ దారం ఆ కొండమీద నువ్వే తెంపాల, తెలిసిందా?" అంది. సరే సరే అన్నాను. నా బాధంతా దాని ఆకారం. తేలికే, కానీ ఎంత అదిమినా అణగదు. చుట్టి, రెండుచోట్ల తాడు కడితే నాకు ఇంకో తమ్ముడు పుట్టినట్టుంది. పైగా పరుపులకు వేసే నీలం గీతల గుడ్డ.

దాన్ని భుజానవేసుకుని కోయంబత్తూరు స్టేషన్‌లోకి వెళ్ళాను. ఏడుగురి వీపులమీదా గుమ్మడికాయంత సంచులు. కొండసారు నన్ను చూసి, "ఏమప్పా, పెళ్ళికూతురు పరుపు తెచ్చినావు, పెళ్ళికూతురు యాడ?" అన్నాడు. ఆయనా మా తెలుగువాడే, అందుకని ఆ మాట నాకు రెండింతలు తగిలింది. అందరూ నవ్వారు. ఈసారి ముందు నవ్వడం నాకు చేతకాలేదు. "నాది కాదు సార్" అన్నాను. "ఎవరో బంధువులకు ఇమ్మన్నారు, ఇక్కడే ఇచ్చేసి వస్తా." మమ్మల్ని సాగనంపడానికి వచ్చిన ఆఫీసు వాచ్‌మన్‌కు చాటుగా అప్పజెప్పి, గోడౌన్‌లో పెట్టమన్నాను. నాది కాదు అన్నమాట ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

కొండ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కింద ఊళ్ళో అద్దెకు ఒక సంచి దొరికింది. జిప్పు రొమ్ముకిందే ఆగేది. పైభాగమంతా చలికోటు కప్పుకుని, వణుకుతూ రెండు రాత్రులు పడుకున్నాను. మూడోరోజుకు జ్వరం. ఒక గుర్రంవాడు నన్ను కిందికి దించాడు. (గుర్రం కూడా ఏదో అంది, దాని భాష నాకు తెలియకపోవడం అదృష్టం.) మిగతావాళ్ళు ఎక్కి, ఫోటోలతో దిగి వచ్చారు. పది హెచ్‌పీ పేరు ఎక్కడికీ పోలేదు.

జ్వరం తగ్గాక గోడౌన్‌నుంచి మూట తీసుకుని ఆండిపట్టి వెళ్ళాను. అత్త అప్పటికి బాగా చిక్కిపోయింది. రెండు మాటలకు ఒకసారి దగ్గు. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "వెచ్చగా ఉండిందా?"

"రొంబ వెచ్చగా, అత్తా."

అక్కడితో ఆపి ఉండొచ్చు. అబద్ధమాడేవాడికి ఆపడం రాదు. అందరూ చలికి ఊళలు పెడుతుంటే నేనొక్కణ్ణే గురకపెట్టానన్నాను. కొండసారు చూసి, అలాంటిది తనకూ ఒకటి కుట్టించమన్నాడని చెప్పాను. అత్త ముఖం వెలిగిపోయింది. గోడ అవతల పక్కింటావిడను కేకేసి, "విన్నావామ్మా, ఇమయమలైలో మన పంజు నిలిచింది! ఆ సారుకు కూడా కావాలంట!" అని, హిమాలయాల్లో తన దూది గెలిచిందని, తమిళమూ తెలుగూ కలిపి చాటింది. మధ్యలో దగ్గొచ్చింది, నవ్వుతూనే దగ్గింది. నేనూ ఆమెతో కలిసి నవ్వాను.

"సరి, మంచులో తడిసుంటాది, ఎండలో వేస్తాను" అని ఆమె మూట విప్పింది. నేను కాఫీ గ్లాసు పట్టుకుని తిన్నెమీద కూర్చున్నాను. సంచి పరిచి, చేత్తో దులుపుతూ మూతిదాకా వచ్చింది. అక్కడ ఆమె చెయ్యి ఆగింది. ఎర్రదారం, ముడితో సహా, ఆమె వేసింది వేసినట్టే ఉంది.

ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. దారాన్ని రెండుసార్లు వేలితో తడిమి చూసి, నావైపు తిరిగి, సంచి మూతి నాకు అందేలా పట్టుకుంది. "తెంపు" అంది.

మిట్టమధ్యాహ్నం. ఆండిపట్టి ఎండ. తెంపాను. "పండుకో" అంది. కాళ్ళు పెట్టి లోపలికి జారాను. ఊపిరి బిగపట్టనక్కరలేకపోయింది. పక్కకు తిరిగాను, సంచి నాతో తిరిగింది. మోకాళ్ళు ముడిచాను, దానికీ చోటుంది. పట్టుచీర చల్లగా తగిలి, ఒక్క నిమిషంలో ఒళ్ళంతా ఉడికిపోయింది. అత్త పక్కన చతికిలబడి అంచులు సర్దుతూ, నా మెడకింద వేళ్ళు పెట్టి చూసింది. తన పని సరిపోయిందా లేదా అన్నదొక్కటే ఆమె ముఖంలో ఉంది.

"భుజాలకాడ బిగుతుగా ఉండాదా?"

"లేదత్తా. బాగుంది."

"కాళ్ళకాడ?"

నా వల్ల కాలేదు. ఏడ్చాను. చెమటలో కలిసిపోతుందనుకున్నాను గానీ, అంత లావు మనిషి ఏడిస్తే సంచంతా కదులుతుంది. "అందరూ నవ్వినారత్తా. నాది కాదన్నాను. నా ఒళ్ళు చూస్తే నాకే సిగ్గు" అని చెప్పేశాను.

అత్త కొంగుతో నా నుదురు తుడిచింది.

"నీకు ఒళ్ళు ఎక్కువ లేదురా. ఆ అంగడివాని గుడ్డకు వెడల్పు చాలలేదు, అంతే" అంది.

ఆ ఏడు వానలు పట్టకముందే అత్త పోయింది. దగ్గే తీసుకుపోయింది. ఊపిరితిత్తుల్లో ఆ దూది నూగేనని డాక్టరు చెప్పాడట. ఆ మాట విన్నరోజు, నా సంచి కోసం ఆమె మూడు వారాలు ఎక్కువ నూగు పీల్చిందన్న ఆలోచన నన్ను పట్టుకుంది. ఇప్పటికీ వదల్లేదు. అమ్మ మాత్రం, "అవి ముప్ఫై ఏండ్ల పరుపులురా, నీ ఒక్కనిది కాదు" అంటుంది. నిజమే అయ్యుంటుంది.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. బరువు గురించి అడక్కండి, అది వయసుతోపాటు మర్యాదగా పెరిగింది. వెడల్పు మనుషులకోసం వెడల్పు సంచులు ఇప్పుడు ఫోనులో నొక్కితే ఇంటికొస్తున్నాయి. మా అబ్బాయి చూపించి కొనమంటాడు. చూసి, బాగుందిరా అని ఫోను తిరిగి ఇచ్చేస్తాను. స్టేషన్‌లో ఆ నీలంగీతల మూట పక్కన నిలబడి, అది తనది కాదన్న ఆ లావుపాటి కుర్రాణ్ణి తలుచుకుంటే ఒకప్పుడు కొట్టాలనిపించేది. ఈమధ్య కొంచెం నవ్వొస్తోంది. పాపం, వాడికి కొండకంటే ఏడుగురి నవ్వు పెద్దగా కనబడింది. నాకు మిగిలిన దిగులు ఒక్కటే. వెచ్చగా ఉండిందా అని అడిగింది అత్త. ఆ మంచులో అది ఎంత వెచ్చగా ఉండేదో నాకు ఇప్పటికీ తెలియదు.