పళ్ల డాక్టరు కుర్చీలో పెద్ద విమానం

ఈ పొద్దున బేగంబజార్‌లో మా పక్క దుకాణం వాళ్ల లవంగనూనె సీసా మెట్ల మీద పడి పగిలింది. వాసన గల్లీ అంతా పాకింది. హమాలీలు ముక్కులు మూసుకున్నారు, తూకం రాళ్లు సైతం ఒకసారి తుమ్మాయని నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఆ వాసనకు లోకంలో అందరికీ పంటినొప్పి గుర్తొస్తుంది. నాకు మాత్రం అరచేతులు చెమరుస్తాయి, కాళ్లు వాటంతటవే లేని పెడల్స్ కోసం వెతుక్కుంటాయి. స్టీలు బిందెల మధ్య నిలబడి, వానలో విమానం దించుతున్నవాడిలా ఊపిరి బిగబట్టాను. బిందె బేరమాడుతున్న ఒకావిడ నా ముఖం చూసి "ఏమైందన్నా, గుండెల నొస్తుందా?" అని అడిగింది. "లేదమ్మా, మా డాక్టర్ సాబ్ యాదికొచ్చిండ్రు" అన్నాను. ఆవిడ ఇంకా భయపడి బిందె అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

డాక్టర్ మొయిన్ సాబ్ చార్మినార్ వెనక గాజుల దుకాణాల మీది మేడలో పళ్ల వైద్యం చేసేవారు. పోయిన చలికాలం ఆయన లోకం విడిచి వెళ్లిపోయారు. పాతబస్తీలో సగం మంది దవడల్లో ఆయన చేతిపని ఉందని నా లెక్క. మిగతా సగం మంది భయపడి వెళ్లలేదు. నేను జ్ఞానదంతం పీకించుకోవడానికి వెళ్లాను. మత్తుసూది ప్రభావంతో కింది పెదవి ఫలక్‌నుమా స్టేషను దాకా సాగినట్టున్న సమయంలో, వెనక గది తలుపు సందులోంచి రన్‌వే కనిపించింది. మత్తు బుర్రకెక్కిందనుకున్నాను. లేచి చూస్తే, పాత డెంటల్ కుర్చీ ఒకటి, దాని ముందు మూడు పెద్ద తెరలు, డ్రిల్లు పిడులతో చేసిన లీవర్లు. "యాద్గిరీ, నేర్చుకుంటవా?" అన్నారాయన. ఆ నోటితో నాకు పలికిన మాట ఒక్కటే: "హౌ." మా ఊళ్లో అవును అనడానికి అదే మాట. అలా నా పన్ను ఊడింది, నేను పైలట్నయ్యాను.

నేను చేరిన విమానయాన సంస్థకు విమానాలు లేవు, ప్రయాణికులు లేరు, జీతాలు అంతకంటే లేవు. కంప్యూటర్లలో విమానాలు నడిపే పిచ్చి ఉన్నవాళ్లు నాలుగు ఊళ్లలో కూర్చుని ఇంటర్నెట్‌లో పెట్టుకున్న సంస్థ అది. కానీ నియమాలు మాత్రం నిజం సంస్థలు చూసి సిగ్గుపడేటన్ని. చిన్న విమానం నడపడానికి ఒక పరీక్ష, పెద్దదానికి ఇంకొకటి. ఆ పెద్దదాని అనుమతినే రేటింగ్ అంటారు. డాక్టర్ సాబ్ దాంట్లో శిక్షణ కెప్టెన్. నేను చిన్న విమానాల్లో విజయవాడ, తిరుపతి తిరిగి తిరిగి అలిసిపోయి, ఆ రేటింగ్‌కు సిద్ధమవుతున్న కాలం గురించే ఇప్పుడు చెబుతున్నది. దుకాణంలో గల్లాపెట్టె మీద చదివాను, మోరీ కాల్వలు దాటుతూ చదివాను, మా బావమరిది పెళ్లి బరాత్‌లో బ్యాండు పక్కన నడుస్తూ చదివాను. మా ఆవిడ "గీ మనిషిని భూమ్మీదికి ఎవరు దించుతరో" అని వచ్చినవాళ్లందరినీ అడిగేది.

నేర్చుకోవడం మాత్రం నరకం. అభ్యర్థి ఎడమ సీటులో, అంటే డెంటల్ కుర్చీలో, కూర్చోవాలి. డాక్టర్ సాబ్ ఎప్పటిలాగే కుడిపక్క తన స్టూలు మీద. కుర్చీలో వెనక్కి వాలగానే పాత అలవాటు కొద్దీ నా నోరు తెరుచుకునేది. "నోరు మూసుకో. కండ్లు తెరువు" అనేవారు ప్రతిసారీ, విసుగు లేకుండా.

ఆయన యుద్ధమంతా నా 'హౌ' మీదే. ఏదైనా ఆదేశమిస్తే దాన్ని తిరిగి చెప్పి, చేసి, చూసి, అప్పుడు 'సెట్' అనాలి. నేను "హౌ సాబ్" అనేవాడిని.

"హౌ అంటే ఏంది? విన్నవా? సమజైందా? చేసినవా?"

"అన్నీ సాబ్."

"మన షహర్‌ల హౌ అంటే అన్నీ. ఒక్కొక్కసారి ఏమీ లేదు గూడ. పెండ్లికొస్తవా అంటె హౌ, రాడు. రేపిస్తవా అంటె హౌ, ఇయ్యడు. విమానానికి గిట్ల హౌ అంటె, ఎనకాల కూసున్నోళ్లంత పోతరు."

ఒక శుక్రవారం నమాజు తర్వాత, క్లినిక్కు సెలవు కాబట్టి తీరిగ్గా, నాతో ల్యాండింగ్ చేయిస్తున్నారు. నేల దగ్గరపడుతుండగా మామూలు గొంతుతో "యాద్గిరీ, గేర్ ఎత్తు" అన్నారు. గేరంటే చక్రాలు. నేను "హౌ సాబ్" అని ఎత్తేశాను. విమానం పొట్ట మీద పాకుతూ, నిప్పులు కక్కుతూ, రన్‌వే పొడుగునా మా సంస్థ పరువును గీసుకుంటూ పోయి ఆగింది. డాక్టర్ సాబ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"దిగేటప్పుడు చక్రాలు ఎత్తమంటె ఎత్తినవ్."

"మీరు చెప్పిండ్రు గద సాబ్."

"నేను తప్పు చెప్పిన. నీకు తెల్సు తప్పని. చేతులు ఆగినయి నీయి, నేను చూసిన. అయినా ఎత్తినవ్. ఎందుకు?"

"పెద్దోళ్లు. ఎట్ల కాదంట?"

"గాల్ల పెద్దోళ్లు ఉండరు బాబా. కింద భూమి ఒక్కటే పెద్దది. నక్కో అను."

నక్కో అంటే వద్దు, కాదు. గల్లీలో పిల్లలు కూడా రోజుకు వెయ్యిసార్లు అనే మాట. డాక్టర్ సాబ్ ముఖం చూసి నేను అనలేకపోయాను. ఆయన ఉస్మానియా బిస్కెట్ల ప్లేటు నా ముందు పెట్టారు. "తిను." తిన్నాను. "ఇంకోటి తిను." తిన్నాను. ప్లేటు ఖాళీ అయింది. రెండో ప్లేటు వచ్చింది. నా పొట్ట గోల్కొండ గుమ్మటమంత అయింది. గొంతులో బిస్కెట్ పొడి తప్ప మాట మిగలని స్థితిలో, కళ్లు మూసుకుని "నక్కో సాబ్" అన్నాను. "గిట్ల" అన్నారాయన. "గింత కష్టమా? దీనికోసం నా బిస్కెట్ల డబ్బా మొత్తం ఖాళీ జేసినవ్."

అదే రోజు ఆయన టీ సాసర్ గలగలమనడం నేను గమనించాను. కుడిచేయి వణుకుతోంది. నేను చూశానని ఆయన చూశారు. దాచలేదు. పేషంట్ల నోట్లో చెయ్యి పెట్టడం మానేసి అప్పటికే కొంతకాలమైందట, జూనియర్ డాక్టరు చేస్తున్నాడట. "ఇంకొన్ని నెలలు మాట వింటది. తర్వాత వినదు" అన్నారు చేతిని పరాయి మనిషిని చూసినట్టు చూస్తూ. అప్పుడే అసలు సంగతి చెప్పారు. ఆయన కుర్రతనంలో వాళ్లమ్మ హజ్‌కు వెళ్లింది. అమ్మీని ఎక్కించి, కంచె బయట నిలబడి, ఆ విమానం చుక్కయ్యేదాకా చూశారు. దాన్ని నడిపేవాడిని కావాలనుకున్నారు. కంటిచూపు పరీక్షలో తప్పారు, పళ్ల వైపు వచ్చారు. ఇప్పుడు ఒక్కసారి కెప్టెన్‌గా, హజ్ విమానాలు దిగే జెద్దాకు ఆ దారిలో వెళ్లాలి. పెద్ద విమానం నడిపే ఇద్దరికీ రేటింగ్ ఉండాలి. రెండో మనిషిగా నన్ను అనుకున్నారు. నేను పరీక్ష తప్పితే మళ్లీ కూర్చోవడానికి చాలా నెలలు పడుతుంది. అంతవరకు ఆ చెయ్యి పనికి నిలవదు. పైగా పరీక్షలో పక్క సీటులో సాయానికి కూర్చునేది ఆయనే. అక్కడ ఆయన తడబడినా ఆయన కెప్టెన్సీ పోతుంది.

"ఫికర్ నక్కో" అన్నారు, దిగులు పడొద్దని. అప్పటినుంచి నాకు అన్నం సయించలేదు. నా విషయంలో అదెంత పెద్ద వార్తో మా ఆవిడనడిగితే చెబుతుంది.

పరీక్ష ఒక ఆదివారం మధ్యాహ్నం. పరీక్షకురాలు సుమతి గారు విశాఖలో తన ఇంట్లో కూర్చుని హెడ్‌ఫోన్‌లో మాట్లాడతారు, మా కాక్‌పిట్ అంతా ఆమెకు తన తెర మీద కనిపిస్తుంది. గొంతు తేనె, ప్రశ్నలు మాత్రం పన్ను పీకే పట్టకార్లు. "కంగారేం లేదండీ, మామూలు ఫ్లైటే" అంటూ వాన పెట్టారు, అడ్డగాలి పెట్టారు, ఇంధనం తగ్గించి పెట్టారు. ఒకసారి దిగడం తప్పితే ఇంకొక్క ప్రయత్నానికే సరిపోతుంది. ఫ్యాను కింద కూర్చున్న నా చొక్కా మూసీలో ముంచి తీసినట్టుంది.

హైదరాబాదు మీద మబ్బుల్లోంచి దిగుతున్నాం. రెక్కల వెనక కిందికి జారే రేకులుంటాయి, ఫ్లాపులంటారు. అవి పూర్తిగా దిగితేనే అంత బరువు నెమ్మదిగా నేలకు వస్తుంది. వెయ్యి అడుగుల ఎత్తుకు వచ్చేసరికి వేగం, చక్రాలు, ఫ్లాపులు అన్నీ కుదురుకుని ఉండాలి. లేకపోతే సర్దుకోవడాలు లేవు, మళ్లీ పైకి పోవాలి. అది నియమం.

"ఫ్లాప్ ముప్పై" అన్నాను.

"ఫ్లాప్ ముప్పై" అన్నారు డాక్టర్ సాబ్. ఆయన చెయ్యి లీవర్ మీదికి వెళ్లింది. "సెట్."

వాన అద్దాన్ని బాదుతోంది. గాలి విమానం ముక్కును పక్కకు లాగుతోంది.

"వెయ్యి అడుగులు. అంత ఠీక్ ఉంది" అన్నారు.

నా కళ్లు కింది తెర మీద పడ్డాయి. ఫ్లాపు ఇరవై దగ్గరే ఉంది. ఆయన వేళ్లు లీవర్‌ను తాకి, వణికి, వెనక్కి వచ్చాయి. అది కదలలేదు. ఆయన చూడకుండా సెట్ అన్నారు. ఆ కుడిచేయి అప్పటికే ఒడిలో ఉంది, ఎడమచేయి దాని మీద.

నాకప్పుడు రెండు దారులు కనిపించాయి. నేనే చెయ్యి చాచి లీవర్‌ను కిందికి తోసేస్తే అయిపోతుంది. సుమతి గారు చూస్తారో లేదో. చూడకపోతే నేను పాసు, ఆయన కెప్టెన్, జెద్దా ఖాయం. పాతబస్తీలో మర్యాదంటే అదే. పెద్దాయన పైజామా బొందు వేలాడుతుంటే పక్కకు తిరిగి మాట్లాడతాం గానీ చెప్పం కదా. నా చెయ్యి లీవర్ వైపు లేచింది కూడా. ఎనిమిది వందల అడుగులు. మబ్బుల్లోంచి రన్‌వే నాలుకలా బయటికి వస్తోంది. కాదంటే ఆ ఒక్క మాటతో ఆయన చెయ్యి సంగతి విశాఖ దాకా వినిపిస్తుంది.

"నక్కో, సాబ్" అన్నాను. "ఫ్లాప్ ఇరవైలోనే ఉంది. పైకి పోతున్నం."

ఇంజన్లకు పూర్తి బలం ఇచ్చి ముక్కు ఎత్తాను. ఆయన ఏమంటారోనన్న భయం ముందు నేల భయం చిన్నదైపోయింది.

"మంచిగ జేసినవ్. పైకి లేస్తున్నం. గేర్ ఎత్తమంటవా?" అన్నారు డాక్టర్ సాబ్. ఆ మూడు మాటల మధ్య సందు లేదు.

రెండోసారి ఆయన ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని లీవర్ దించారు. తెర మీది అంకె మీద వేలు పెట్టి, చదివి, అప్పుడు సెట్ అన్నారు. విమానాన్ని దించాను. అందంగానేమీ కాదు, బస్తా దించినట్టే. కానీ చక్రాల మీద దించాను.

"యాదగిరి గారూ, పాసయ్యారండీ" అన్నారు సుమతి గారు. "డాక్టర్ గారూ, ఆ ఫ్లాపు... నెట్ ఆగినప్పుడు లీవర్ కదలికలు అందకపోవడం మామూలేనండీ. అలా అని రాసుకుంటాను."

అది దయ. గల్లీలోనైనా, విశాఖలోనైనా దయ అదే భాషలో ఉంటుంది. డాక్టర్ సాబ్ హెడ్‌ఫోన్ సరిచేసుకున్నారు.

"నక్కో, మేడం. నెట్ మంచిగుంది. నా చెయ్యి కదపలేదు, నా కండ్లు చూడలేదు. రెండూ రాయండి."

అలా ఆయన కెప్టెన్సీ పోయింది. నేను కుర్చీలోంచి లేవలేక అలాగే వాలి ఉన్నాను, నోరు తెరుచుకుని. ఆయన ఈసారి మూసుకోమనలేదు.

కొన్ని వారాల తర్వాత జెద్దా వెళ్లాం. సుమతి గారు విశాఖ నుంచే కెప్టెన్, నేను రెండో పైలట్. డాక్టర్ సాబ్ క్లినిక్కు ముందుగదిలోంచి పేషంట్ల బెంచీ ఈడ్పించి మా వెనక వేయించుకున్నారు. ఇస్త్రీ షేర్వాణీ, అత్తరు, తలకు టోపీ. "కెప్టెన్‌గ పోదామనుకున్న. గిదే మంచిగుంది. అమ్మీ పక్క సీటు ఖాళీగ ఉండె" అన్నారు. దారంతా ఒక్క సలహా ఇవ్వలేదు. ఎడారి మీద నేను ఒకసారి వెనక్కి తిరిగితే, బెంచీకి ఒక అంచున కూర్చుని ఉన్నారు, పక్కన ఒక మనిషికి చోటు వదిలి. మళ్లీ తిరగలేదు నేను.

ఇప్పుడు శిక్షణ కెప్టెన్ని నేను. కొత్తవాళ్లకు మొదటి పాఠంగా నా మాటనే కాదనడం నేర్పుతాను. బిస్కెట్లు పెట్టను, అవి నేనే తింటాను. పోయిన వారం కరీంనగర్ నుంచి ఒక కాలేజీ అమ్మాయి, ఎత్తు చెప్పడంలో నేను నిజంగానే పొరబడితే, హెడ్‌ఫోన్‌లో వణుకుతూ "కాదు సార్, తప్పు చెప్పిండ్రు" అంది. నేర్పింది నేనే. అయినా చెవులు వేడెక్కాయి. నోటి దాకా సాకు వచ్చింది, వానదో, నెట్టుదో. దాన్ని మింగి "మంచిగ చెప్పినవ్ బిడ్డా" అనడానికి నాకు ఒక ఊపిరి పట్టింది. అది ఆ అమ్మాయికి తెలిసి ఉండదు. నాకు మాత్రం ఆ ఊపిరి పొడుగెంతో తెలుసు. ఆ ఆదివారం, తన జెద్దా జారిపోతున్న క్షణాన, నాకు "మంచిగ జేసినవ్" అనడానికి డాక్టర్ సాబ్ ఆ మాత్రం ఊపిరి కూడా తీసుకోలేదు.