సీటు కింద గీకనివ్వని రంగు

నాది ముక్కు మీద కోపం. లక్సెట్టిపేటలో బండ్ల కరెంటు పని షాపు నడిపిన రోజుల్లో ఆ కోపంతో గిరాకీలను చాలామందిని పోగొట్టుకున్నాను. ఒక్కసారి మాత్రం అక్క సంసారాన్నే ఆగం చేయబోయాను.

తొంభైల్లో బావ దుబాయి నుంచి సౌండు పెంచే ఆంప్లిఫయర్ ఒకటి, రెండు సబ్ వూఫర్ స్పీకర్లు పట్టుకొచ్చాడు. పాత జీపొకటి కొని, కొత్తగా రంగు వేయించి, పెళ్లిళ్లకు కిరాయికి తిప్పుతానన్నాడు. అక్క షాపుకొచ్చి మెల్లగా చెప్పింది.

"తమ్మీ, జర మంచిగ బిగియ్యి. పాట మంచిగుంటెనే కిరాయిలస్తయి. గీ బండి నడిస్తె మీ బావ మళ్ల పోడు."

బ్యాటరీ నుంచి లావు ఎర్ర వైరు వెనక్కి లాగాను. ఆంప్లిఫయర్ వాడుకున్న కరెంటు మళ్లీ జీపు ఇనుము గుండానే బ్యాటరీకి చేరాలి. అందుకే నల్లటి ఎర్త్ వైరు బిగించే చోట రంగు గీకి ఇనుము తేల్చాలి. వెనక సీటు కింద కాస్త జాగా గీకుదామని గరుకు ఎమరీ కాగితం తీశాను. బావ నా చేయి పట్టుకున్నాడు.

"రంగు ముట్టకు. ఉన్న బోల్టుకే కట్టు."

"సీటు కింద ఎవడు చూస్తడు బావా?"

"వద్దన్న గద!"

నాకు మండింది. నీ బండి, నీ ఇష్టం అనుకుని, రంగు పూసిన బోల్టుకే వైరు చుట్టి చేతులు దులుపుకున్నాను. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. అక్కడ ఇద్దరం మొండివాళ్లమే.

మొదటి కిరాయి జమ్మికుంటలో పెళ్లి. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ పాటను మించి గుయ్యిమని రొద. ఊరేగింపులో సౌండు పెంచేసరికి, సరైన దారి దొరకని కరెంటు జీపులోని టేప్ రికార్డర్ సన్న వైర్లలోకి మళ్లి వాటిని కాల్చేసింది. పెళ్లివాళ్లు డప్పులవాళ్లను పిలిపించుకున్నారు. మర్నాడు బావ అడిగితే, "దుబాయి మాల్ గంతే" అని నెపం సామాను మీదికి నెట్టేశాను. ఆ అబద్ధానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

రెండు రోజులకు అక్క వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఈడ ఏం జేసినా కలిసొస్తలేదంటుండు. మళ్ల పోతడేమో తమ్మీ."

ఇక నావల్ల కాలేదు. ఎమరీ కాగితం పట్టుకుని ఆమె వెంటే ఇంటికి వెళ్లాను.

"మాల్ మంచిదే బావా. ఎర్త్ సక్కగ లేదని తెలిసే కట్టిన. తప్పు నాది. ఇయ్యాలన్న గీకనియ్యి."

"గీకితె, అమ్మేటప్పుడు..." అని నోరు జారి ఆగిపోయాడు.

అక్క చాయ గ్లాసుతో గడప దగ్గరే నిలబడిపోయింది.

"కొన్ననాడే అమ్మాలని అనుకున్నవా? అంటె నువ్వు ఉందామని రాలే."

కోపం రావాల్సిన చోట నాకు బావ మీద జాలేసింది. అన్నేళ్లు పరాయి దేశంలో మూట కట్టుకునే ఉన్న మనిషికి, ఇంట్లో కూడా మూట విప్పే ధైర్యం రాలేదు.

బావ లేచి, నా చేతిలో కాగితం తీసుకుని, సీటు ఊడదీసి తానే గీకడం మొదలుపెట్టాడు. తెల్లటి ఇనుము తేలింది. చాలు బావా అన్నాను. ఆగలేదు. కిందికి దిగి, బానెట్ మీద అందరికీ కనబడేచోట బరబరా ఒక గీటు పెట్టి, అక్క చేతిలోని చల్లారిన చాయ అందుకున్నాడు.