బంద్ నాడు నేనిచ్చిన వాంగ్మూలం

ఆ రోజుల్లో రుజువు లేని మాటను నమ్మడం నా దృష్టిలో నైతిక పతనం. భౌతికశాస్త్రంలో పట్టా పుచ్చుకుని ఏడాదైనా కాలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెబుతూ, పాలు చిక్కగా ఉన్నాయని ఎవరైనా అంటే లాక్టోమీటరు కోసం వెతికే దశలో ఉండేవాణ్ణి. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న కాలమది. నేను కోస్తా నుంచి వచ్చినవాణ్ణి. మా ఇంటి ఓనరు గారు పోచంపల్లి వైపు నేత కుటుంబంలో పుట్టి, ఇక్కడ చీరల దుకాణం పెట్టుకున్న పెద్దమనిషి. ప్రతి ఊరేగింపులోనూ ఆయనది ముందు వరుసే. రాష్ట్రం విషయంలో మాకు ఏకాభిప్రాయం లేదు. వాళ్లావిడ చేసే సర్వపిండి విషయంలో మాత్రం సంపూర్ణంగా ఉండేది.

ఒక సాయంత్రం ఆయన, "రేపు నూటికి నూరు పాళ్లు బంద్, సారూ. ఒక్క షట్టర్ సుత లేవది" అన్నారు. నూటికి నూరు అనేది నిరూపించాల్సిన మాటన్నాను. "అట్లనా? పోయి లెక్కవెట్టుకోండ్రి మరి!" అని నవ్వారు. మర్నాడు నిజంగానే నోటుబుక్కుతో బయలుదేరి, ఎల్‌బీ నగర్ దాకా రోడ్డు నడిమధ్యన నడుస్తూ, మూసిన షట్టర్లను లెక్కపెట్టాను. (బంద్ నాడు వాహనం తగిలే ప్రమాదం దాదాపు శూన్యమని ముందే తేల్చుకున్నాను.) దూరంగా ఊరేగింపు వస్తోంది. దాన్ని చూసి బెదిరిన ఒక కారు, బహుశా నగరంలో ఆనాడు కదిలిన ఏకైక కారు, రివర్సులో దూసుకొచ్చింది. పక్కకు చూస్తూ షట్టర్లు లెక్కిస్తున్న నేను ఎగిరి కుడిచేతి మీద పడ్డాను. మణికట్టు విరిగిన చప్పుడు నాకే వినిపించింది.

కారు దిగిన ఆసామి చెమటలు తుడుచుకుంటూ, "మెట్ల మీద జారిపడ్డానని చెప్పండి సార్, కేసంటే తిరగలేక చస్తారు. వైద్యం నేను చేయిస్తానుగా" అని బతిమాలాడు. ఇంతలో ఊరేగింపులోంచి మా ఓనరు గారు పరుగెత్తుకొచ్చి, కారు నంబరును అరచేతి మీద రాసుకున్నారు. "సారూ, దవాఖానల ఉన్నదున్నట్టు చెప్పుండ్రి. కాయితం మీద ఏది వడితే గదే రేపు నిలవడ్తది" అన్నారు. ఉన్నదున్నట్టు చెప్పడం ఎలాగో నాకా నేర్పడం అనుకున్నాను.

చేతికి కట్టు కట్టించుకుని, ఓనరు గారితో కలిసి స్టేషన్‌కు వెళితే, హెడ్ కానిస్టేబుల్ కలం తీశాడు.

"కారు గుద్దిందా, లేదా? గంతే చెప్పు సారూ."

"తాకిన క్షణంలో నేను అటు చూడలేదండీ. పడ్డాక చూస్తే పక్కన కారుంది. కాబట్టి సంభావ్యత ఎక్కువే."

"గట్లనే రాయమంటవా?"

"అక్షరం పొల్లుపోకుండా."

ఓనరు గారు నుదురు కొట్టుకున్నారు. "అయ్యో సారూ, నడుముకు బంపరు తగిలినప్పుడు ఎర్కైందా లేదా?"

"ఏదో బలం పనిచేసిందండీ. అది కారుదేనని..."

"మరి దయ్యందా?"

ఎడమచేత్తో సంతకం గీసి, శాస్త్రానికి గొప్ప సేవ చేసిన తృప్తితో ఇల్లు చేరాను.

ఎముక వంకరగా అతికింది. ఆపరేషన్ చేయకపోతే బోర్డు మీద రాయడం మరిచిపోవచ్చన్నాడు డాక్టరు. కారు ఆసామి ఫోనెత్తడం మానేశాడు. ఇక మిగిలింది నష్టపరిహారం కేసే. ఎల్‌బీ నగర్ కోర్టులో బీమా కంపెనీ లాయరు లేచి నా వాంగ్మూలాన్ని పద్యంలా చదివి, ఇలా తేల్చాడు: "కారు తగిలిందని బాధితుడికే నమ్మకం లేదు. పైగా ఆనాడు సంపూర్ణ బంద్, వాహనమే తిరగలేదు." నిజాయితీ అనుకుని నేను పేర్చిన ప్రతి అనుమానమూ నా చేతికే సంకెలయింది.

మా ఓనరు గారు బోనెక్కారు. కారు వేగమెంతని లాయరు అడిగాడు.

"నాకు తెల్వది. ఎనకకొచ్చింది, గుద్దింది, సారు వడ్డడు. కండ్లార చూసిన."

"నూటికి నూరు పాళ్లు బంద్ జరిగిందని మీరే ఊరంతా చాటారు కదా?"

వెనక బెంచీల మీద ఆయనతో ఊరేగింపుల్లో నడిచినవాళ్లే ఉన్నారు. ఆయన ఒక్క క్షణం వాళ్ల వైపు చూశారు. "చాటిన. తొంబై తొమ్మిదే అయింది. గీ ఒక్క కారు తిరిగింది."

జడ్జిగారు కళ్లజోడు తీసి నన్ను చూశారు. "ఆయన తెలియనిది తెలియదంటున్నారు. మీరు తెలిసింది కూడా తెలియదన్నారు." తీర్పు మాకు అనుకూలంగానే వచ్చింది. ఆపరేషన్ అయింది, సుద్దముక్క మళ్లీ పట్టాను.

తన ఒళ్లు చెప్పిన సాక్ష్యాన్ని కూడా సాక్ష్యంగా ఒప్పుకోని ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. ఆ స్టేషన్ బెంచీ మీద, మెడకు వేలాడే చేతితో కూర్చున్న అతని పక్కన కూర్చుని, "నాయనా, తగిలిందని చెప్పెయ్" అనాలనిపిస్తుంది. అన్నా లాభముండదు. ముందు నువ్వెవరివో రుజువు చూపించమంటాడు.