ఈశాన్య మూల ఎర్ర జెండా

2023 మే 6, శనివారం. టెక్సాస్‌లో మా ఊరి శివార్లలో, తెలుగువాళ్ళం గుడి కోసం తీసుకున్న పన్నెండెకరాల స్థలం. మర్నాడు ఉదయం 10.42కి భూమిపూజ. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ముప్పై ఒక్క ఏళ్ళు.

మా పనిని ఫేజ్ వన్ అంటారు. ఒక నేలను కొనేముందు, గునపం దించకుండానే, అందులో ప్రమాదమేదైనా దాగుందేమోనని దాని పూర్వచరిత్ర తీయడం. పాత మ్యాపులు, విమానంలోంచి తీసిన ఫోటోలు చూస్తాం, ఇరుగుపొరుగును అడుగుతాం. ఈ స్థలానికి ఫేజ్ వన్ చేసింది నేనే. దొరికినవాటిలో అన్నిటికన్నా పాత ఫోటోలో మొక్కజొన్న చేను, ఈశాన్యాన పాలిపోయిన గుండ్రటి మచ్చ కనిపించాయి. "పశువులకు మేత వేసిన చోటు" అని రాసి, మార్చి 3న సంతకం పెట్టాను.

ఆ శనివారం, మర్నాడు తవ్వబోయే చోటు సరిగ్గా ఈశాన్యంలో ఉందో లేదో కొలవడానికి టేపు పట్టుకుని వెళ్ళాను. కమిటీ పెద్ద రఘు అక్కడ ఎర్ర జెండా పాతి ఉంచాడు. పక్కనే టెంటు. దాని తాళ్ళకు ఆరు తుప్పుపట్టిన ఇనుప దిమ్మలు వేలాడుతున్నాయి. ఒక్కొక్కటీ మూరెడు పొడవు, ఒక చివర రేకు రెక్కలు.

"ఇవెక్కడివి రఘూ?"

"కంచె దగ్గర పొదల్లో దొరికాయి ఆంటీ. గాలికి టెంట్ లేచిపోతోందని వెయిట్ పెట్టాం. సుత్తి మర్చిపోయాం, మేకులు కూడా వీటితోనే కొట్టేశాం!"

కంచె అవతలి ఇంట్లో ఉండే డోరతీ, ఎనభై ఆరేళ్ళ ఆవిడ, చేతికర్రతో వచ్చి నిలబడింది. ఇంగ్లీషులో అడిగింది.

"మా నాన్న బాంబుల్ని మీ గుడారానికి కట్టారేమిటి?"

హాస్యమనుకున్నాను. ఆవిడ నవ్వలేదు.

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య అక్కడ సైన్యం విమానాలు నడపడం నేర్పే మైదానం ఉండేదట. గడ్డి రన్‌వే, నాలుగు చెక్క షెడ్లు. ఆవిడ తండ్రి అక్కడ మెకానిక్కు. కుర్ర పైలట్లు, సున్నంతో గీసిన వలయాల మీద బాంబులు వేయడం నేర్చుకునేవారు. వాటి కడుపులో ఇసుకే. కానీ ఎక్కడ పడిందో పైనుంచి కనబడాలి కదా, పొగ కోసం తోకలో కొంచెం పేలుడు మందు ఉండేది. సైన్యం షెడ్లతో సహా విప్పుకుపోయాక, ఆయనే ఆ నేల కొని మొక్కజొన్న వేశాడు.

"నాగలికి తగిలినవి కంచె దగ్గరికి విసిరేవాడు. అన్నీ ఊరుకోలేదు. ఒకటి ఆయన రెండు వేళ్ళు తీసుకుపోయింది" అంది.

సంచిలోంచి రిపోర్టు తీసి, ఫోటో మీద స్కేలు పెట్టాను. మచ్చ లోపల మచ్చ, దాని లోపల ఇంకొకటి. పశువులు అలా నిలబడవు. ప్రతి హద్దూ కొలిచిన నేను, ఆ మచ్చను మాత్రం కొలవలేదు. లెక్క కట్టి చూస్తే ఎర్ర జెండా వలయానికి పదకొండు అడుగులు లోపల ఉంది.

"అందరూ రోడ్డు మీదికి రండి. దేన్నీ ముట్టుకోవద్దు."

"ఆంటీ, రేపు టూ హండ్రెడ్ ఫ్యామిలీస్ వస్తున్నాయి. క్లీన్ అని సైన్ చేసింది మీరే కదా?"

"చేశాను. తప్పు చేశాను. ముందు నడు."

అత్యవసర నంబరు 911కి ఫోన్ చేశాను. మొదట పోలీసులు వచ్చారు, తర్వాత సైన్యంవాళ్ళు. ఆరు దిమ్మల్లో రెండింటి తోకల్లో మందు కాలకుండా అలాగే ఉందని చెప్పారు. రఘు రోడ్డు అంచున కూలబడి, మేకులు కొట్టిన తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. పూజ ఆగిపోయిందని పంతులుగారికి ఫోన్‌లో చెబితే ఆయన అన్నారు: "తవ్వుతున్నందుకు క్షమించమని భూమాతను అడగడానికే కదమ్మా ఈ పూజ. ఆవిడ ముందే వద్దంది. విందాం."

తర్వాతి వారాల్లో ఆ మూలలో నలభై మూడు బాంబులు దొరికాయి. ఒకటి జెండా కిందే, తొమ్మిది అంగుళాల లోతున. మొదటి గునపం పోటుకు తగిలేది.

పొరుగును అడగడం మా పనిలో భాగమని చెప్పాను కదా. ఫిబ్రవరి 9న డోరతీకి ఉత్తరం పంపాను. ఇరవై రెండు రోజులు చూసి, రిపోర్టులో "జవాబు లేదు" అన్న గడిలో టిక్కు పెట్టాను. బాంబులు బయటపడ్డ ఆ శనివారం సాయంత్రం ఆవిడను ఇంటి దాకా దిగబెడుతూ ఉత్తరం సంగతి అడిగాను.

"వచ్చే ఉంటుంది. చిన్న అక్షరాలు నాకు కనబడవు. తలుపు తట్టి ఉంటే కాఫీ ఇచ్చి అన్నీ చెప్పేదాన్ని."

రిపోర్టులో "పశువులు" అన్న మాటను చెరపలేదు. మీద ఒక్క గీత గీసి, పక్కన తేదీ వేసి దిద్దాను. తర్వాత రిటైరయ్యేలోగా మరో ఏడు రిపోర్టులు రాశాను. ఒక్కదాంట్లోనూ పొరుగు తలుపు తట్టకుండా ఆ గడి నింపలేదు.

ఆ శనివారం డోరతీ గుమ్మం నుంచి తిరిగి వస్తూ అడుగులు లెక్కపెట్టాను. మా కంచెకు అరవై నాలుగు.