సంత మర్నాటి పరీక్ష

కరోనా రెండో ఉధృతి తగ్గిన మరుసటి వానాకాలంలో నన్ను బీజాపూర్ జిల్లాలో ఉసూర్ వైపు ఒక ఆరోగ్య కేంద్రానికి లేడీ హెల్త్ విజిటర్‌గా వేశారు. నర్సమ్మల పనినీ, ఊరూరా ఉండే మితానిన్‌ల పనినీ చూసుకోవడం నా బాధ్యత. మితానిన్ అంటే ఊరివాళ్ళే ఎంచుకున్న ఆరోగ్య కార్యకర్త. మాది రాష్ట్ర సరిహద్దుకు ఇవతల, భద్రాచలం దగ్గర. తెలుగూ, ఆదివాసుల దోర్లీ భాషా ఇంట్లోనే వచ్చాయి, హిందీ ఉద్యోగం నేర్పింది. అందుకే ఇంకెవరూ వెళ్ళనన్న చోటికి నన్ను పంపడం మా పైవాళ్ళకు అలవాటైపోయింది.

అక్కడి మితానిన్‌లలో లచ్చక్క ఒకరు. ముప్పై దాటిన మనిషి. వాగుకు అటూ ఇటూ చెదిరి ఉన్న పారాలు, అంటే ఊరి వాడలు, అన్నీ కాలినడకన తిరిగేది. కరోనా రోజుల్లో ఇంటింటికీ మాత్రలు పంచుతూ తనూ జ్వరాన పడింది. జ్వరం తగ్గింది గానీ ఒంట్లో సత్తువ తిరిగి రాలేదు. నెలలు గడిచినా అంతే. కాస్త తిరిగితే చాలు, మర్నాడు పడక దిగలేకపోయేది.

నాకూ ఆ జ్వరమే వచ్చింది, ఆ నీరసమే మిగిలింది. కానీ నేను పర్మినెంటు ఉద్యోగిని. మెడికల్ లీవు పెట్టాను, జీతం ఆగలేదు. తిరిగి చేరాక కొంతకాలం టూర్లు లేకుండా లైట్ డ్యూటీ రాశారు. మితానిన్‌కు జీతం ఉండదు, చేసిన పనికి ప్రోత్సాహకం మాత్రమే ఉంటుంది. పని చేయకపోతే అదీ లేదు.

నెలవారీ సమావేశంలో లచ్చక్క స్థానంలో మరొకరిని ఎంచుకోమని ఊరికి చెబుదామన్న మాట వచ్చింది. కారణం లేకపోలేదు, పారాల్లో బాలింతలను చూసే దిక్కు లేకుండా పోయింది. అయితే అసలు కోపం వేరు. వారం వారం సంతలో మా క్లినిక్ నడుస్తుంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా ఆ రోజు అక్కడికే వస్తారు. లచ్చక్క సంతకు మాత్రం తప్పకుండా వచ్చి, చాప పరుచుకుని, సాయంత్రం దాకా మలేరియా పరీక్షలు చేసేది. వచ్చినవాళ్ళను నవ్వించేది.

"అంగడికి రానీకి లేని నొప్పి పారాలకు పొమ్మంటే ఏంది?" అని తోటి మితానినే అంది.

మా డాక్టరుగారు రాయపూర్ వైపు మనిషి, మంచివాడే. ఆయనా లచ్చక్కను సంతలోనే చూశారు. కూర్చోబెట్టి వేలికి ఆక్సీమీటరు పెట్టి, ఛాతీ విని, పనికి ఫిట్ అని తేల్చేశారు. నాకు ఒళ్ళు మండింది. లచ్చక్కను పక్కకు పిలిచి, ఉన్నదున్నట్టు ఆయనకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఏంది చెప్పేది అక్కా? పండుకుంట అంటే తీసేస్తరు గద. అంగడి కోసమని ముందుగాల రెండు దినాలు లేవకుంట పండుకుంట. ఇయ్యాల మంచిగనే ఉన్న. రేపు సూడు నన్ను," అంది.

ఆ మాటే నాకు దారి చూపింది. మర్నాడు డాక్టరుగారి జీపు టీకాల కోసం అదే రోడ్డున వెళ్ళాలి. దారిలో లచ్చక్క ఊరికి తిప్పమని అడిగాను. నిన్ననే చూశాం కదా అని ఆయన ముఖం ముడుచుకున్నారు. నిన్న చూశాం కాబట్టే ఇవాళ చూడాలన్నాను. నాతో వాదించడం దండగని డ్రైవరుకు తెలుసు, అప్పటికే బండి తిప్పేశాడు.

లచ్చక్క లోపల నేల మీద, తలుపు వైపు వీపు పెట్టి పడుకుని ఉంది. అత్త జావ తాగిస్తోంది. గ్లాసు పట్టుకోవడానికి చేయి లేవలేదు. డాక్టరుగారు పడుకుని ఉండగా నాడి చూశారు, తరువాత ఇద్దరం పట్టుకుని నిలబెడితే మళ్ళీ చూశారు. నాడి పరుగెత్తింది, లచ్చక్క కళ్ళు తిరిగి నా మీదకు ఒరిగింది. ఆయన తనే ఆమెను పడుకోబెట్టారు.

తిరుగు దారిలో నా ఏర్పాటు చెప్పాను. సంతకు వచ్చే జనాన్ని లచ్చక్క అక్కడే, సగం రోజు చూస్తుంది. పారాల తిరుగుడు ఆమె తోటికోడలు చేస్తుంది, ఆ ప్రోత్సాహకం తోటికోడలిదే. మితానిన్‌గా లచ్చక్క పేరు మాత్రం తీయకూడదు. ఇలాంటిది రూల్లో లేదన్నారు డాక్టరుగారు. నా సెలవుకూ లైట్ డ్యూటీకీ రూలు ఉంది కనుక ఎవరూ ఆలోచించనక్కర్లేకపోయింది, ఆమెకు లేదు కనుక మీ సంతకం కావాలన్నాను. ఆఫీసుకు చేరగానే ఫిట్ అన్న మాట కొట్టేసి కొత్తగా రాశారు. సమావేశంలో ఎదురు ప్రశ్నలు వస్తే ఆయనే జవాబు చెప్పారు.

అసలు కష్టం తరువాత మొదలైంది. సంతలో లచ్చక్కను మధ్యాహ్నానికి చాప మీద నుంచి లేపి ఇంటికి పంపడం నా తరమయ్యేది కాదు.

"ఇంకొంచెం సేపు ఉంట అక్కా, మంచిగనే ఉన్న," అనేది.

మంచిగా ఉన్నప్పుడే లేవాలని చెప్పి చెప్పి, చివరికి ఆమె కింద చాప చుట్టేసేదాన్ని. మూతి ముడుచుకుని వెళ్ళేది. కానీ కొన్ని వారాలకు సంత మర్నాడు కూడా లేచి కూర్చుని తన జావ తనే తాగింది. నేను రిటైరయ్యేనాటికి ఆమె పూర్తిగా కోలుకోలేదు, పనీ పోగొట్టుకోలేదు.

దీర్ఘకాలపు నీరసం ఉన్న మనిషిని పని చేస్తున్న రోజు చూసి ఫిట్ అని రాయకూడదని, పని చేసిన మర్నాడు చూడాలని అక్కడ నేర్చుకున్నాను. ఇంకొకటి కూడా తెలిసింది. నాకు నీరసంగా ఉందంటే నా మాట మీదే సెలవిచ్చారు. లచ్చక్క మాట నమ్మడానికి ఒక డాక్టరూ ఒక జీపూ ఆమె గడప దాకా వెళ్ళవలసి వచ్చింది.